చలికి గిలాబు ఆరట్లేదు, హాలోజన్ లైట్లు పెట్టొచ్చా?

అన్నా, ఆదిలాబాద్‌లో డిసెంబర్ చివర్లో గిలాబు, అంటే గోడల ప్లాస్టరింగ్ అయింది, మాఘంలో గృహప్రవేశం ఉంది, గోడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, హాలోజన్ లైట్లు పెట్టి ఆరబెట్టొచ్చా అని అడిగారు కదా. వద్దన్నా, దయచేసి పెట్టకండి. ముందు నీళ్లు కొట్టడం పూర్తయిందో లేదో చూసుకోండి.

సిమెంట్ గిలాబు ఆరి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. మామూలుగా 7 రోజులు తడిపితే చాలంటారు గానీ మన దగ్గర ఈ నెలల్లో రాత్రిళ్లు సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది, ఆ చలికి సిమెంట్ పని బాగా మందగిస్తుంది, 5 డిగ్రీల దగ్గరికొస్తే దాదాపు ఆగిపోయినట్టే, అందుకే చలికాలం 10 రోజులన్నా తడపమంటాను. ట్యాంకులో రాత్రంతా చల్లబడ్డ నీళ్లు తెల్లారగట్ల కొట్టొద్దు, పది దాటాక మొదలుపెట్టి సాయంత్రం నాలుగు లోపే ఆపెయ్యండి.

మా వీధిలో ఒకాయన గిలాబైన రెండు మూడు రోజులకే హాలోజన్లు పెట్టించారు, నేను వెళ్లి చూశాను. లైటుకి ఎదురుగా ఉన్నంత మేర గోడ తెల్లబడింది, చుట్టూ నల్లగా తడిగానే ఉంది, ఆ తెల్లటి దాని మీద సాలెగూడులా సన్న నెర్రెలు. వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం, గోరుతో గీకితే ఇసుక రాలుతోంది. చివరికి అదంతా చెక్కించి మళ్లీ కొట్టించుకున్నారు పాపం.

ఇంకొంతమంది తలుపులేసి బొగ్గుల కుంపటో గ్యాస్ స్టవ్వో పెడతారు. బొగ్గుల పొగ మూసిన గదిలో ప్రాణాలు తీస్తుంది, లోపల పనోళ్లు పడుకుంటే ఇక చెప్పక్కర్లేదు. గ్యాస్ సంగతేంటంటే ఒక కిలో మండితే ఒకటిన్నర లీటర్ల పైన నీళ్లు ఆవిరై గదిలోకే వస్తాయి, అంటే గోడ ఆరబెడదామని గదికి ఇంకా తేమ ఎక్కిస్తున్నట్టు.

తడపడం అయిపోయాక కావాల్సింది గాలి. 100 చదరపు అడుగుల గిలాబులో కలిపేటప్పుడే పాతిక ముప్పై లీటర్ల నీళ్లు పడతాయి, కొంత సిమెంట్ తీసుకుంటుంది, మిగతాదీ మీరు కొట్టిన తడీ బయటికి పోవాలి కదా. మేం మా ఇంట్లో పొగమంచు విడిపోయాక అంటే తొమ్మిదిన్నర పదికి ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒక కిటికీ దగ్గర ఫ్యాన్ మొహం బయటికి తిప్పి పెట్టేవాళ్లం, పొద్దు గూకే ముందు అన్నీ మూసేసేవాళ్లం. మన చలికాలం పగటి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది, రాత్రి తెరిచి పెడితే మంచు తేమ లోపలికొచ్చి పొద్దుటికి మళ్లీ చెమ్మ. ఉత్తరం గోడ, బాత్రూం వెనక గోడ, బీము కింద అంచు అన్నిటికన్నా లేటుగా ఆరతాయి, హాలు గోడ చూసి ఇల్లంతా ఆరిందనుకోకండి.

ఆరిందో లేదో తెలియాలంటే అడుగున్నర ప్లాస్టిక్ కవర్ ముక్క గోడకి ఆనించి నాలుగు వైపులా టేప్ గట్టిగా వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున లోపలి వైపు నీటి చుక్కలు కనబడినా, కవర్ కింద గోడ నల్లబడినా లప్పం (గోడ నున్నగా రావడానికి పూసే పుట్టీ), పెయింటు జోలికి పోవద్దు. మామూలుగానే పెయింటుకి 28 రోజులు ఆగమంటారు, చలికి ఇంకా ఆగాలి. తడి లోపలుంచి పైన పెయింటేస్తే అది పొక్కులు లేచి రేకుల్లా ఊడుతుంది, ఉప్పు కూడా తేలుతుంది. ఇప్పటికే తెల్లటి ఉప్పు కనిపిస్తుంటే కడగొద్దు, కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది, పొడి బ్రష్‌తో దులిపెయ్యండి చాలు.

ముహూర్తం మార్చుకోనక్కర్లేదన్నా, సున్నం వేయించి గృహప్రవేశం చేసుకోండి. సున్నం గోడలో తేమని ఆపదు, ఇల్లు తెల్లగా కళగా ఉంటుంది, పసుపు కుంకుమలకీ మామిడి తోరణాలకీ అదే అందం. లప్పం, పెయింటు ఎండాకాలం మొదట్లో పెట్టుకోండి, అప్పుడు సున్నం పొర గీకించడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే లప్పం పట్టదు.

ఒకవేళ మీది సిమెంట్ కాకుండా జిప్సం ప్లాస్టర్ అయితే అసలు నీళ్లే కొట్టొద్దు, గాలి పద్ధతి మాత్రం అదే, మచ్చలు పోయి గోడంతా ఒకే రంగులోకి వచ్చేదాకా ఆగండి. ఏది కొట్టారో మేస్త్రిని అడిగి చెప్పండి.