కొట్టు సంగీతమా, దరువులా?

సందేహం: గురువుగారికి నమస్కారం. నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. ఏడాదిగా జాజ్ కలిసిన హిప్‌హాప్ (లయకు మాటలు కలిపి చెప్పే అమెరికా సంగీతం) వింటున్నాను. డెట్రాయిట్, టోక్యో, పోలండ్, ఎక్కడెక్కడివో పాటలు. వాటి గురించి తెలుగులో రాయాలని కూర్చుని ఈ వాక్యంతో మొదలుపెట్టాను: “గత ఏడాదిగా నేను ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ జాజ్ ప్రభావిత హిప్‌హాప్ మరియు కొట్టు సంగీతాన్ని ఆవిష్కరిస్తున్నాను.” మా అమ్మ చదివి, “ఏ కొట్టు గురించి రాశావు?” అని అడిగింది. తప్పు ఎక్కడుంది? బీట్, శాంపిల్, లూప్, స్వింగ్ అనే వాటికి మనకు మాటలున్నాయా? జాజ్ అనాలా, జాజు అనాలా? జపాన్ సంగీతకారుడు నుజబెస్ పేరు ఎలా రాయాలి? – ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరం అందాక, అందులో మీరు పేర్కొన్న సంగీతాన్ని వారం రోజులు శ్రద్ధగా విన్నాను. వినకుండా మాటలు సూచించడం తప్పవుతుందని నా నమ్మకం.

మీ వాక్యంలో నన్ను మొదట ఆపిన మాట ‘కొట్టు’ కాదు, ‘ఆవిష్కరిస్తున్నాను’. ఆవిష్కరించడం అంటే మరుగున ఉన్నదాన్ని పదిమంది ముందు వెల్లడి చేయడం. విగ్రహానికి కప్పిన తెర తీస్తే ఆవిష్కరణ, కొత్త పుస్తకాన్ని సభలో విడుదల చేస్తే ఆవిష్కరణ. కొత్త యంత్రాన్ని తయారుచేసిన వాడినీ ఆవిష్కర్త అంటున్నాం. డెట్రాయిట్‌లో ఒకాయన ఇరవై ఏళ్ల కిందట కట్టిన పాట నిన్న రాత్రి మీ చెవిన పడితే, మీరు దాన్ని ఆవిష్కరించినట్టు కాదు. అలా రాస్తే కట్టినవాడికి దక్కవలసిన పేరు విన్నవాడు తీసుకున్నట్టు అవుతుంది. ‘కనిపెట్టాను’ అన్నా అదే చిక్కు.

తెలుగులో ఇందుకు మంచి ఉపాయం ఉంది. క్రియకు ‘కొను’ చేర్చితే ఆ పని ఫలం చేసినవాడికే చెందుతుందని అర్థం. వండటం వేరు, వండుకోవడం వేరు. వెతకడం వేరు, వెతుక్కోవడం వేరు. మీరు చేసింది వెతుక్కోవడం. అనుకోకుండా ఎదురైతే ‘తారసపడింది’ అనండి. పాత రికార్డుల పెట్టెల ముందు గంటల తరబడి కూర్చుని ఒక్కొక్కటే తీసి చూసే అలవాటు ఈ సంగీతకారులందరికీ ఉంది. ఆంగ్లంలో దాన్ని తవ్వకం అంటారు. మనకు ‘గాలించడం’ ఉంది. గిన్నెలో నీళ్లు పోసి బియ్యం గాలించి రాళ్లు వేరుచేసే చేతుల ఓపిక ఆ మాటలో ఉంది. నాకు తవ్వకం కంటే అదే బాగుంది.

‘భూగర్భ’ అనకండి. భూగర్భంలో జలాలుంటాయి, గనులుంటాయి. ‘అజ్ఞాత’ అంటే మన పాఠకుడికి పాండవుల వాసమో, అడవిలోకి వెళ్లిన ఉద్యమకారుల జీవితమో గుర్తుకొస్తుంది. ‘రహస్య’ అసలే కాదు, వాళ్లెవరూ దాక్కోలేదు. పెద్ద కంపెనీల ప్రచారం లేకుండా, చిన్న చిన్న సంస్థలు వేసే కొద్దిపాటి ప్రతుల ద్వారా, ఒక చెవి నుంచి మరో చెవికి చేరుతుందన్నదే ఇక్కడి భావం. ఆ తీరులో బతికిన సాహిత్యం మనకూ ఉంది: చాటుపద్యాలు. అవి కావ్యాల్లోకెక్కకుండానే ఊరూరా తిరిగాయి. సంస్కృతంలో చాటువు అంటే ఇంపైన మాట, తెలుగులో చాటు అంటే మరుగు. రెండూ వేరువేరు మాటలే అయినా ఈ సంగీతానికి రెండర్థాలూ అతుకుతాయి. ‘చాటు హిప్‌హాప్’ అని ఒకచోట ధైర్యంగా వాడి, పక్కనే వివరించండి. అంత ధైర్యం చాలకపోతే ‘అండర్‌గ్రౌండ్’ అనే రాయండి. పాఠకుడికి తెలిసిన మాట వాడటం తప్పు కాదు.

ఇక బీట్. నిఘంటువు చూసి ‘కొట్టు’ అన్నారు, మీ అమ్మగారికి దుకాణం కనబడింది. ఆవిడ తప్పేమీ లేదు. తెలుగులో కొట్టు నామవాచకమైతే చాలామందికి ముందు తోచేది దుకాణమే. ‘దెబ్బ’ అన్నా పూర్తిగా కుదరదు. ఆదితాళం చేత్తో వేసి చూడండి. ఎనిమిది లెక్కలున్నాయి. అందులో అరచేతి దెబ్బలు మూడే, ఒకటి, అయిదు, ఏడు. మిగిలినవి వేళ్ల లెక్కింపు, చేయి తిప్పడం. ఆంగ్లంలో ఆ ఎనిమిదీ బీట్‌లే. అంటే దెబ్బ పడని చోట కూడా బీట్ ఉంటుంది. ఆ అర్థంలో మన శాస్త్రకారులు ‘క్రియ’ అన్నారు, ‘అక్షరం’ అన్నారు. వాడుకలో ‘లెక్క’ అంటే చాలు.

అయితే మీరు వింటున్న సంగీతంలో బీట్‌కు ఇంకో అర్థం స్థిరపడింది. ఒక్క లెక్క కాదు. గాయకుడి మాటలు తీసేస్తే మిగిలే మొత్తం వాద్య రచన, డ్రమ్ములు, మంద్రంగా మోగే బాస్ వాద్యం, పియానో తునక, అన్నీ కలిపి బీట్. దానికి ‘దరువు’ సరిపోతుందని నా నిశ్చితాభిప్రాయం. డప్పు మీద వేసే లయ దరువు. యక్షగానంలో పాత్ర ప్రవేశానికి పాడే పాటా దరువే. ధ్రువా అనే నాటక గీతం పేరు మారి దరువైందని పండితులు చెబుతారు. లయకూ, పూర్తి రచనకూ ఒకే మాట వాడటం మనవాళ్లకు కొత్త కాదన్నమాట. దీనికి తగిన క్రియ కూడా సిద్ధంగా ఉంది. మనం పాట కడతాం, బాణీ కడతాం. అలాగే దరువు కడతాం. ‘బీట్ మేకర్’ అంటే దరువు కట్టేవాడు. ఇంతకంటే కొత్త పదం పుట్టించనవసరం లేదు.

శాంపిల్ దగ్గర చాలామంది ‘మచ్చు’ అనో ‘నమూనా’ అనో రాస్తున్నారు. ధాన్యం బస్తా నుంచి గుప్పెడు తీసి చూపిస్తే మచ్చు. ఆ గుప్పెడు బస్తాకు ప్రతినిధి. సంగీతంలో శాంపిల్ దేనికీ ప్రతినిధి కాదు. ఒక పాత రికార్డులోంచి రెండు క్షణాల పియానో కోసి, వేగం మార్చి, ఇంకొకచోట కుడతారు. అది తునక. పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ నగరంలో ఇద్దరు మిత్రులు తమ దేశపు పాత జాజ్ రికార్డుల తునకలతో దరువులు కట్టి, 2004లో లండన్ సంస్థ నింజా ట్యూన్ ద్వారా ఒక సంపుటం విడుదల చేశారు. తమ జంటకు పెట్టుకున్న పేరు స్కాల్‌పెల్, అంటే శస్త్రచికిత్స చేసే కత్తి. చేసే పనికి అంత సరైన పేరు అరుదు. కాలిఫోర్నియాకు చెందిన మ్యాడ్‌లిబ్ 2003లో ప్రసిద్ధ జాజ్ సంస్థ బ్లూ నోట్ భాండాగారం తెరిపించుకుని అందులోని రికార్డులతో పనిచేశాడు. 2007లో మన దేశపు సినిమా పాటల తునకలతోనే ఒక సంపుటం కట్టాడు.

ఇలా తునకలు కూర్చిన రచనను ఏమనాలని ఆలోచిస్తే నాకు బొంత గుర్తుకొచ్చింది. పాత నూలు చీరలు పొరలుగా వేసి, పైన రంగురంగుల పీలికలు పరిచి, దగ్గర దగ్గరగా దారం కుట్లు వేసిన బొంత. ఒక మూల అమ్మమ్మ పెళ్లినాటి చీర అంచు కనబడుతుంది, దాని పక్కన మామయ్య చొక్కా. కప్పుకున్నవాళ్లు ఏ ముక్క ఎవరిదో చెబుతారు. ఈ సంగీతాన్ని వినేవాళ్లు కూడా అలాగే ఏ తునక ఏ రికార్డులోదో గుర్తుపట్టి సంతోషిస్తారు. ‘తునకలు కూర్చిన దరువు’ అని రాయండి. ఎప్పుడైనా ‘బొంత’ అనండి, పోలిక తేటగా ఉంటుంది.

లూప్‌కు ‘ఆవృత్తం’ చాలు. తాళం ఒక చుట్టు తిరిగి మొదటికి రావడమే ఆవృత్తం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 నుంచి నృత్య వేడుకలు నడిపిన కూల్ హెర్క్, ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు యంత్రాల మీద పెట్టి, డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న భాగాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పి తిప్పి వినిపించాడు. హిప్‌హాప్‌కు పునాది ఆ ఆవృత్తమే.

స్వింగ్ దగ్గర కాస్త నిలవాలి. దీనికి నా మాట ‘తూగు’. ఊగడం ఉయ్యాలది. తూగడంలో ఊగడమూ ఉంది, బరువు సరితూగడమూ ఉంది, నిద్రకు ముందు తల వాలడమూ ఉంది. మంచి వచనం చదివి “వాక్యంలో తూగు ఉంది” అంటాం. జాజ్ వాద్యకారులు రెండు సమానమైన స్వరాలను సమానంగా వాయించరు. మొదటిది సాగదీసి, రెండోది కుదిస్తారు. సుమారుగా మూడు పాళ్లలో మొదటిదానికి రెండు, రెండోదానికి ఒకటి. ఛందస్సు చదివినవాళ్లకు ఇది వెంటనే తెలియాలి: రెండు మాత్రల గురువు, ఒక మాత్ర లఘువు. అంటే హగణం. హగణాలు వరసగా వేస్తే జాజ్ నడక వస్తుంది.

మన ఉత్సాహ పద్యం తీసుకోండి. ఏడు సూర్యగణాలు (నగణం గానీ హగణం గానీ), చివర ఒక గురువు. అన్నీ హగణాలే పడేలా ఒక పాదం అల్లాను:

వాన వచ్చె, చేను పొంగె, వాడ వాడ నవ్వెరా

వేళ్లతో బల్ల మీద తడుతూ పైకి చదవండి. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, చివరి గురువుకు రెండు, తర్వాత ఒక మాత్ర ఊపిరి. మొత్తం ఇరవై నాలుగు మాత్రలు, అంటే ఎనిమిది తిశ్రాలు (మూడేసి మాత్రల లెక్కలు). నాలుగేసి లెక్కల జాజ్ చుట్లు రెండింటిలో ఈ పాదం పూర్తిగా ఇముడుతుంది. నేను వారమంతా ఇలా చదివి చూశాను. ఒక్కసారి కూడా జారలేదు.

ఈ లెక్క యంత్రంలోకీ వెళ్లింది. రోజర్ లిన్ రూపకల్పనతో అకాయ్ కంపెనీ 1988లో తెచ్చిన ఎంపీసీ 60 అనే పెట్టెకు వరసకు నాలుగు చొప్పున పదహారు మెత్తని మీటలుంటాయి. వేలితో తడితే అందులో దాచిన తునక మోగుతుంది. వేలు కాస్త ముందువెనుకలైనా యంత్రం సరిదిద్దుతుంది. తూగు ఎంత కావాలో అంకెతో చెప్పవచ్చు. 50 శాతం పెడితే జంటలోని రెండు భాగాలూ సమానం. 66 పెడితే మూడింట రెండు పాళ్లు మొదటిదానికి, అచ్చమైన హగణం. వాద్యకారుల చేతిలో మాత్రం ఈ నిష్పత్తి స్థిరంగా ఉండదు. వేగం పెరిగేకొద్దీ సమానానికి దగ్గరవుతుంది.

డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా (1974–2006) ఎంపీసీ 3000 మీద ఈ తూగును తనదైన తీరులో మలిచాడు. ఒక వాద్యం చతురశ్రంలో, అంటే నాలుగు సమభాగాల్లో, నిటారుగా నడుస్తుంటే ఇంకొకటి తిశ్రం వైపు వాలుతుంది. బాస్ ఒక రవ్వ ఆలస్యంగా వస్తుంది. తాగినవాడి నడకలా ఉందని మొదట అనిపించవచ్చు, నాలుగు ఆవృత్తాలు వినేసరికి మన తలే దానితో తూగుతుంది. మన సంగీతశాస్త్రంలోని అతీత, అనాగత గ్రహాలతో దీన్ని పోల్చాలని మీకు అనిపించవచ్చు. తొందరపడకండి. గ్రహం పాట ఎత్తుగడకు సంబంధించినది, తాళానికి ముందు ఎత్తుకున్నామా, తర్వాత ఎత్తుకున్నామా అని. ఇది ప్రతి లెక్కలోనూ జరిగే సవరణ. ‘తూగు’ అనే మాట దీన్ని మోయగలదు. ఆయన వాడిన ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది.

జాజ్ అనండి, జాజు అనకండి. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక బస్సు, కారు లాగా జాజు కావాలని మీరు అనుకోవడం సహజమే. కానీ జాజు మనకు ముందే ఉంది: గోడలకూ గడపలకూ పూసే ఎర్రమట్టి, జేగురు. ‘జాజు ప్రభావం’ అంటే పండుగకు అలంకరించిన అరుగు కళ్లముందు నిలుస్తుంది. ఉచ్చారణలోనూ జాగ్రత్త పడండి. ‘జాతి’లోని జ తాలవ్యం, ‘జాలి’లోని జ దంత్యం. జాజ్‌లో మొదటిది జాతిలోని జ, చివరిది జాలిలోని జకు దగ్గర. ఈ మాట పుట్టింది సంగీతంలో కాదు. 1912–13లో కాలిఫోర్నియా పత్రికల బేస్‌బాల్ వార్తల్లో హుషారు అనే అర్థంలో కనిపించి, 1915 నాటికి షికాగోలో సంగీతానికి పేరైంది. ‘ప్రభావిత’ బరువెక్కువ. జాజ్ పోకడలు, జాజ్ ఛాయలు అంటే హాయిగా ఉంటుంది. ‘మరియు’ తీసేయండి, దాని అవసరమే లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “ఏడాదిగా దేశదేశాల చాటు హిప్‌హాప్ వెతుక్కుని వింటున్నాను, ముఖ్యంగా జాజ్ ఛాయలున్న పాటలు, మాటల్లేని దరువులు.”

చివరగా నుజబెస్. మీరు రాసినట్టే రాయండి, జకు దీర్ఘం వద్దు. జపాన్ లిపిలోనూ అన్నీ హ్రస్వాలే. టోక్యోలోని షిబుయాలో రికార్డుల దుకాణం నడుపుతూ దరువులు కట్టిన ఆయన అసలు పేరు సెబ జున్. ఇంటిపేరు ముందు చెప్పడం మనలాగే వాళ్లకూ ఆచారం. 1974 ఫిబ్రవరి 7న పుట్టాడు, సరిగ్గా జె డిల్లా పుట్టిన రోజే. 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ పేరు ఎలా వచ్చిందో కాగితం మీద రాసి చూడండి. ‘వికటకవి’ని అక్షరాలుగా వెనక్కి చదువుతాం. సెబజున్‌ను అలా తిప్పితే ఏమీ రాదు. వర్ణాలుగా విడదీయాలి: స్, ఎ, బ్, అ, జ్, ఉ, న్. ఇప్పుడు చివరి నుంచి మొదటికి రండి: న్, ఉ, జ్, అ, బ్, ఎ, స్. కలిపితే నుజబెస్.