చిన్న ఓపెన్ సోర్స్ ప్యాకేజీకి కూడా సీఐ టెస్టింగ్ అవసరమా?

సీఐ అంటే కోడ్ మార్చిన ప్రతిసారీ టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు, అది అవసరమే. అందులోనూ మీ ప్యాకేజీ తెలుగు టెక్స్ట్‌తో పనిచేసేదైతే మొదటి రోజే విండోస్‌తో సహా పెట్టేయండి. పబ్లిక్ రిపో (అందరికీ కనిపించే కోడ్ నిల్వ) అయితే గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ వాళ్ళ సీఐ సేవ) మామూలు రన్నర్లు, అంటే టెస్టులు నడిపే మెషిన్లు, ఫ్రీయే, డబ్బుల గొడవ కూడా లేదు.

నేను తెలుగు పదాల్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి చూసుకుంటున్నా. ఒకతను పదాల జాబితాని ఫైల్లోంచి చదివేలా ప్యాచ్ పంపాడు, కోడ్ చక్కగా ఉంది, అతని ఉబుంటులో పాస్, నా లాప్‌టాప్‌లో పాస్, సీఐలో లైనక్స్, మ్యాక్ రెండూ పచ్చగానే ఉన్నాయి, విండోస్ ఒక్కటే ఎర్రగా వచ్చింది, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అని. లాగ్ చూస్తే ఫైల్ ఓపెన్ చేసే దగ్గర ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఇవ్వలేదు, అందుకని విండోస్‌లో పైథాన్ దాన్ని తెలుగుకి పనికొచ్చే యూటీఎఫ్-8 అనుకోకుండా, పాశ్చాత్య యూరప్ భాషల కోసం చేసిన పాత విండోస్ ఎన్‌కోడింగ్ సీపీ1252గా చదివేస్తోంది.

అసలు ప్రమాదం ఎక్కడంటే, "కల" లాంటి పదానికి ఎర్రరే రాదు, చడీచప్పుడు లేకుండా చెత్తగా మారి లోపలికి వచ్చేస్తుంది. "అమ్మ" దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ఒత్తు కోసం మధ్యలో ఉండే పొల్లుకి యూటీఎఫ్-8లో చివరి బైటు హెక్స్‌లో 8డీ, సీపీ1252లో దానికి అక్షరమే లేదు. కొమ్ముకి కూడా అంతే, దాని చివరి బైటు 81. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క ముక్క రాస్తే సరిపోయింది, కానీ సీఐ లేకపోతే ఇది విండోస్ వాడే ఏ స్టూడెంట్ నెత్తినో పడేది. పైథాన్ 3.15 నుంచి డిఫాల్టే యూటీఎఫ్-8 అంటున్నారు, నిజమే, పాత వెర్షన్లు వాడేవాళ్ళు మాత్రం ఇంకా ఏళ్ళ తరబడి ఉంటారు.

సెటప్‌లో యామల్ (సీఐ సెట్టింగులు రాసే ఫైల్ ఫార్మాట్) ఒక తలనొప్పి, వెర్షన్ 3.10 అని కోట్స్ లేకుండా రాస్తే 3.1 అయి కూర్చుంటుంది. మ్యాట్రిక్స్‌లో (ఏయే ఓఎస్‌లు, పైథాన్ వెర్షన్ల మీద టెస్టులు నడపాలో చెప్పే జాబితా) ఫెయిల్-ఫాస్ట్ ఆపేయండి, లేకపోతే ఒక జాబ్ పడిపోగానే మిగతావి క్యాన్సిల్ అయిపోయి ఏది ఎక్కడ పోయిందో అర్థం కాదు. వారానికోసారి షెడ్యూల్ కూడా పెట్టండి, మీరు ఒక్క లైన్ మార్చకపోయినా డిపెండెన్సీలు (మీ కోడ్ ఆధారపడే వేరే లైబ్రరీలు) మారి టెస్టులు విరిగిపోతుంటాయి. రిపోలో 60 రోజులు కదలిక లేకపోతే ఆ షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది, చూసుకోండి.

నాకు ఒళ్ళు మండేది ఇంకోటుంది, రీడ్‌మీలో టెస్టులు పాసయ్యాయని చెప్పే పచ్చ బ్యాడ్జ్ పెడతారు, లోపల చూస్తే ఇంపోర్ట్ అయిందా లేదా అని ఒకే ఒక్క టెస్ట్. తెలుగు లైబ్రరీ అన్నాక టెస్ట్ ఫైల్లో స్త్రీ, జ్ఞానం, దుఃఖం, ఝాన్సీ లాంటివి ఉండాలి, జెడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్క అక్షరం ఒత్తుగా కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని క్యారెక్టర్) ఉన్న "సాఫ్ట్‌వేర్" లాంటి పదం తప్పకుండా ఉండాలి.