మీ ప్రశ్నలు – మా జవాబులు: మార్కెట్‌లో స్వేచ్ఛ ఎంత, కట్టడి ఎంత?

ప్ర: మార్కెట్‌పై నియంత్రణ పెంచాలని ఎక్కువమంది కోరుతున్నట్టు ఒక సర్వే వచ్చింది. నెల తిరక్కుండానే, మదుపరి స్వేచ్ఛకే జనం ఓటు అంటూ మరొకటి. ఏది నమ్మాలి?

జ: రెండూ నిజమే కావచ్చు. శాతాలకన్నా ముందు ప్రశ్న ఎలా అడిగారో చూడండి. ‘మోసాల నుంచి చిన్న మదుపరులను కాపాడేందుకు నిబంధనలు కఠినం చేయాలా?’ అంటే వద్దనేవారు అరుదు. ‘మీ డబ్బు ఎక్కడ పెట్టాలో ప్రభుత్వం చెప్పాలా?’ అంటే సరేననేవారూ అరుదే. ఒకే మనిషి రెండు జవాబులూ మనస్ఫూర్తిగా చెప్పగలడు. ప్రశ్నల వరుస కూడా పనిచేస్తుంది. కుంభకోణాల గురించి నాలుగు ప్రశ్నలు వేశాక నియంత్రణ సంగతి అడిగితే జవాబు అటే మొగ్గుతుంది.

ఆ తర్వాత శాంపిల్. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న 1,000 మందిని అడిగితే తేడా అటూ ఇటూ 3 శాతం వరకు ఉండొచ్చు. ఆ వెయ్యిలో షేర్లున్నవారు 100 మందే అయితే, ‘మదుపరుల అభిప్రాయం’ పేరుతో వేసిన అంకెకు అదే తేడా 10 శాతం దాకా పోతుంది. అక్కడ 52–48ని విజయంగా చూపిస్తే నమ్మకండి. ఇష్టమున్నవాళ్లే వచ్చి మీట నొక్కే ఆన్‌లైన్ పోల్‌కు లక్ష ఓట్లు పడినా ఈ లెక్క వర్తించదు. ‘తెలియదు’ అని చెప్పే వీలు ఇవ్వని సర్వేను మేమైతే పక్కన పెడతాం.

ప్ర: నా డబ్బు, నా నష్టం. మధ్యలో నియంత్రణ సంస్థకేం పని?

జ: సొంత సొమ్ముతో షేరు కొని పోగొట్టుకున్నంతవరకు మీ వాదన నిలుస్తుంది. అరువు కలిసిందా, చిక్కు మొదలైనట్టే. 30 రెట్ల లెవరేజీ అంటే చేతిలోంచి 1,000 పెట్టి 30,000 విలువైన లావాదేవీ చేయడం. ధర 3.3 శాతం ఎదురు తిరిగితే పెట్టింది మొత్తం పోతుంది. అంతకు మించితే మీరు బ్రోకర్‌కు బాకీ.

2015 జనవరి 15న జరిగింది ఇదే. యూరోకు 1.20 ఫ్రాంకుల దగ్గర తాను కాపాడుతున్న హద్దును స్విస్ కేంద్ర బ్యాంకు చెప్పాపెట్టకుండా ఎత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంకు ఎగబాకింది. స్టాప్‌లాస్ (నష్టం ఫలానా ధర దాటితే లావాదేవీ ముగించమనే ఆర్డర్) పెట్టుకున్నవారికీ ఆ ధర దొరకలేదు, మధ్య ధరల్లో లావాదేవీకి ఎదుటి పక్షమే లేదు మరి. ఫ్రాంకు పెరగదని అరువుతో పందెం కాసినవారి ఖాతాలు మైనస్‌లోకి జారాయి. ఆ బాకీలు వసూలుకాక దివాలా తీసిన బ్రోకర్లున్నారు. అంటే ‘నా నష్టం’ మీ దగ్గరే ఆగదు.

ఐరోపా నియంత్రణ సంస్థ ఈఎస్‌ఎంఏ 2018లో సీఎఫ్‌డీలపై (షేరునో కరెన్సీనో కొనకుండా దాని ధర మార్పుపైనే వేసే పందేలపై) పెట్టిన లెవరేజీ హద్దులకు నేపథ్యం ఇలాంటి నష్టాలే. చిన్న మదుపరులకు ప్రధాన కరెన్సీ జంటల్లో 30 రెట్లు, షేర్లలో 5, క్రిప్టోలో 2. ఖాతా సున్నా కిందికి పోకూడదు. ఎంత శాతం ఖాతాలు నష్టపోతున్నాయో బ్రోకర్ తన ప్రకటనలోనే చెప్పాలి. అప్పట్లో ఆ సంస్థ చూపిన అంకె 74 నుంచి 89 శాతం.

ఇలాంటి కట్టడి సబబే. ఆస్తిని బట్టి తలుపు తీసే నిబంధన మాత్రం బలహీనం. అమెరికాలో నియంత్రణ సంస్థ దగ్గర నమోదుకాని చాలా షేర్ల, బాండ్ల ఇష్యూల్లో పెట్టుబడికి ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయమో, సొంతిల్లు మినహా 10 లక్షల డాలర్ల ఆస్తో ఉండాలి. వారసత్వంగా సొమ్ము వచ్చినంత మాత్రాన బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు కదా! 2020లో కొన్ని వృత్తి లైసెన్సులున్నవారికీ అవకాశమిచ్చి ఈ లోపాన్ని కొంత సరిదిద్దారు.

ప్ర: బ్రోకరేజీ సున్నా అన్నాక ఇంకా పారదర్శకత గొడవేంటి?

జ: ఖర్చు బిల్లులో కనిపించదు, ధరలో ఉంటుంది. బిడ్ (కొనేవారు ఇస్తామన్న ధర) 100.00, ఆస్క్ (అమ్మేవారు అడిగే ధర) 100.10 ఉండగా మార్కెట్ ఆర్డర్‌తో, అంటే ఉన్న ధరకే వెంటనే, 500 షేర్లు 100.10కి కొన్నారనుకోండి. మధ్య ధర 100.05. షేరుకు 0.05 చొప్పున 25 అక్కడే పోయింది. మీ ఆర్డర్‌ను తమకు పంపినందుకు ట్రేడింగ్ సంస్థ బ్రోకర్‌కు సొమ్ము ఇస్తుంటే, ఆ బ్రోకర్ మీకు మంచి ధర వెతుకుతున్నాడా అన్న అనుమానం సహజం. ఐరోపా సమాఖ్య 2024లో ఈ పద్ధతిని నిషేధించింది. అప్పటికే అది నడుస్తున్న దేశాలకు 2026 జూన్ 30 వరకు గడువిచ్చింది.

ప్ర: ముసాయిదా నిబంధనలపై ప్రజాభిప్రాయం అడుగుతారు. సామాన్యుడు రాస్తే చదువుతారా?

జ: చదవదగ్గది రాస్తే చదువుతారు. ఒకే మూసలో వెయ్యి మంది పంపిన ఉత్తరాలు సాధారణంగా ఒకే అభిప్రాయంగా లెక్కకొస్తాయి. పేజీన్నర చాలు. ముసాయిదా సంఖ్య, ఏ పేరా గురించో మొదటి వాక్యంలోనే చెప్పండి. ఆ నిబంధన వల్ల మీకు పడే ఖర్చును బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ (లావాదేవీ బిల్లు)లోని అంకెలతో చూపండి. వద్దంటే ఆగకుండా ఏ పదం మార్చాలో, ఏ పరిమితి ఎంత ఉండాలో రాయండి. ముసాయిదాలో సంఖ్యలు వేసి అడిగిన ప్రశ్నలుంటే ఆ సంఖ్యల ప్రకారమే జవాబివ్వండి. లేకపోతే మీ మాట ఏ పద్దు కిందా చేరదు. గడువు కొన్ని వారాలే ఉంటుంది.

పంపినవి చాలాచోట్ల అందరికీ కనిపించేలా పెడతారు కాబట్టి ఖాతా నంబర్లు తీసేయండి. పీడీఎఫ్‌లో అంకెల మీద నల్లగడి గీస్తే సరిపోదు, కింది అక్షరాలను కాపీ చేసుకోవచ్చు. ప్రింట్ తీసి, కొట్టేసి, మళ్లీ స్కాన్ చేసి పంపండి.