మోకాళ్లు సహకరించకపోయినా మొనగాడే

ప్రశ్న: ప్రాక్టీస్ చేయకుండానే మ్యాచ్‌లాడిన ఐర్లాండ్ ఫుట్‌బాల్ డిఫెండర్ ఒకరున్నారట. నిజమేనా అండీ?

జవాబు: నిజమే. పాల్ మెక్‌గ్రాత్. 1959లో లండన్‌లో పుట్టి, డబ్లిన్ అనాథాశ్రమాల్లో పెరిగాడు. 1982లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరి, 1985లో ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ టోర్నీ ఎఫ్.ఎ. కప్ గెలిచాడు. మోకాళ్లకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు, దానికి తోడు తాగుడు, దాంతో 1989లో ఆ క్లబ్ అతన్ని ఆస్టన్ విల్లాకి అమ్మేసింది. అక్కడ మిగతావాళ్లు మైదానంలో చెమటోడుస్తుంటే ఇతను మోకాళ్ల మీద భారం పడకుండా లోపల ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కి, నేరుగా మ్యాచ్‌కి దిగేవాడు. అలాంటివాణ్ని 1993లో ఇంగ్లండ్‌లో ఆడే ఆటగాళ్లే ఓట్లేసి ఆ ఏటి మేటిగా ఎన్నుకున్నారంటే ఇంకేం చెప్పాలి!

వీలైతే 1994 ప్రపంచకప్‌లో ఇటలీతో మ్యాచ్ వీడియో చూడండి. ఐర్లాండ్ ఆటగాడు రే హౌటన్ 11వ నిమిషంలోనే గోల్ కొట్టేశాడు, ఇక మిగిలిన సమయమంతా స్టార్ ఆటగాడు బాజ్జో ఉన్న ఇటలీని ఆపడమే పని. మెక్‌గ్రాత్ భుజం నొప్పితోనే ఆడాడు, ఒక షాట్‌ని ఏకంగా ముఖం అడ్డుపెట్టి ఆపాడు, వెంటనే లేచి మళ్లీ బంతి మీదకి ఉరికాడు. ఐర్లాండ్ 1-0తో గెలిచింది. నా దృష్టిలో డిఫెండర్ అంటే అదీ!

దేశం తరఫున 83 మ్యాచ్‌లాడి, 1998లో రిటైరయ్యాడు. తాగుడుతో పడ్డ నరకాన్ని కూడా దాచుకోకుండా చెప్పాడు, అందుకే ఐర్లాండ్‌లో అతనంటే ఇప్పటికీ ప్రాణం పెడతారు.