మూతబడ్డ మిల్లు గోడల మీద మొజాయిక్ చేస్తూ బతకొచ్చా?

పాడుబడ్డ ఫ్యాక్టరీ గోడల మీద మొజాయిక్ (టైల్, పింగాణీ ముక్కలు అతికించి బొమ్మలు కట్టడం) చేస్తూ బతకడం కుదురుతుందా, ఆ పని ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగారు. మా ఊళ్లో మూతబడ్డ రైసు మిల్లులో నేను చేస్తున్నది ఆ పనే. ఇల్లు నడిపేది మాత్రం బాత్రూముల టైల్స్ పని. మిల్లు గోడ ఆదివారాల సంగతి.

మన దేశంలో ఈ దారికి పెద్దదిక్కు నేక్‌చంద్. ఆయనదీ ఉద్యోగమే, చండీగఢ్ పీడబ్ల్యూడీలో రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం పాత ఊళ్లను ఖాళీ చేయించి కూల్చేస్తుంటే, ఆ శిథిలాల్లోంచి పగిలిన పింగాణీ, గాజులు, పాత ఇనుము ఏరుకుని సైకిల్ మీద మోసుకెళ్లేవాడు. 1950ల చివర్లో మొదలుపెట్టి, ఏ కట్టడానికీ అనుమతి లేని అటవీ స్థలంలో ఏళ్ల తరబడి గుట్టుగా చేశాడు. 1970ల మధ్యలో అధికారుల కంటబడింది. రూలు ప్రకారమైతే కూల్చేయాలి. కూల్చకుండా 1976లో రాక్ గార్డెన్ పేరుతో జనానికి తెరిచి, ఆయనకు జీతమూ ఇచ్చి, పనివాళ్లనూ ఇచ్చారు. 1984లో పద్మశ్రీ. ఆ తర్వాతా కూల్చివేత గండాలు తప్పలేదు, జనం అడ్డం నిలబడితేనే ఆగాయి.

అక్కడికి వెళ్తే చేతిగాజుల బొమ్మల దగ్గర ఆగండి. ఒంటి నిండా విరిగిన చేతిగాజుల ముక్కలు, వరస మీద వరస. లోపల ఊచల బదులు తుక్కు ఇనుము, సైకిల్ విడిభాగాలు. తాపీపని తెలిసినవాడి చెయ్యి అది, అందుకే నాకు ఇష్టం.

ఇక గోడ సంగతి. ముక్క ఊడిపోవడానికి సగం కారణం గోడే. మిల్లు గోడలకు నూనె, మసి పట్టి ఉంటాయి, వాటి మీద సిమెంటు పట్టదు. పాత ప్లాస్టరింగ్ ఇటుక కనబడేదాకా చెక్కేసి, కడిగి, కొత్తగా వేసుకోవాలి. ఉప్పు పొంగే చోట పని పెట్టకండి. అంతకన్నా ముందు గోడ పైభాగం చూడండి. కప్పు పోయిన గోడలోకి వాన నీళ్లు పైనుంచే దిగుతాయి, వెనక నుంచి ముక్కల్ని తోసేస్తాయి. పైన సిమెంటుతో వాలు కట్టి నీళ్లు బయటికి పోయేలా చేశాకే మొదలుపెట్టాలి. మామూలు గ్లేజ్డ్ టైల్ ముక్కల్ని నానబెట్టి అతికించాలి. విట్రిఫైడ్ ముక్కలు నీళ్లు పీల్చవు, వాటికి టైల్ అడ్హెసివ్ వాడాల్సిందే. పిల్లల చేతికందే ఎత్తులో అంచుల్ని రాయితో అరగదీయండి. పగిలిన పింగాణీ కప్పు బ్లేడుకేమీ తీసిపోదు.

ముందు ఆ మిల్లు ఎవరిదో కనుక్కోండి. మూతబడ్డవాటిలో చాలావరకు అన్నదమ్ముల పంపకాల్లోనో, బ్యాంకు వేలంలోనో ఇరుక్కుని ఉంటాయి. హక్కుదారులందరి సంతకాలతో ఒక కాగితం ఉంటే టెన్షన్ ఉండదు. నేక్‌చంద్‌కు కుదిరింది కదా అని అనుమతి లేకుండా దిగొద్దు.

డబ్బంటారా, అది శిథిలాల నుంచి రాదు. ఆ గోడ ఫొటోలు చూసి స్కూళ్లు, రిసార్టుల వాళ్లు పిలుస్తారు. అప్పుడు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకోండి, పరంజా ఖర్చు విడిగా రాయించుకోండి.