బలవంతం అంటే కొట్టి పంపడమేనా?

ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో, కలహారి ఎడారిలో ఉండే సాన్ తెగవాళ్లను వేరేచోటికి తరలించడం మీద మీరు డాక్యుమెంటరీ చూశానన్నారు, ఇళ్లు, బడి, ఆస్పత్రి ఇచ్చాక దాన్ని బలవంతం అనడం న్యాయమా అని అడిగారు. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రంలో ఇదే విషయం మీద ఒక డాక్యుమెంటరీ చూసి నేనూ అచ్చం మీలాగే అనుకుంటూ ఇంటికొచ్చాను. తర్వాత చదువుతుంటే అర్థమైంది, అసలు కథంతా నీళ్ల దగ్గరుంది.

1961లో అక్కడ సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వ్ అనే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం ఏర్పాటైనప్పుడు వాళ్లు అందులోనే వేటాడుకుంటూ బతకొచ్చన్నారు. 1997లో ఒకసారి, 2002లో మరోసారి బోట్స్వానా ప్రభుత్వం కుటుంబాలను లారీలెక్కించి బయటి కాలనీలకు చేర్చింది. వెళ్లడానికి ఒప్పుకోనివాళ్లకు ఏమైందో చూడండి. 2002లో రిజర్వు లోపలి మొతొమేలో అనే ఊరి దగ్గరి బోరు మూసేశారు, నిల్వ ఉన్న నీళ్లు పారబోశారు. ఎడారిలో నీళ్లాపేశాక "ఇష్టపడే వెళ్లారు" అనే మాటకు విలువేముంది చెప్పండి? తిరిగి వెళ్లే హక్కుందని 2006 డిసెంబరులో అక్కడి హైకోర్టు తీర్పిచ్చినా, ఆ బోరు నీళ్ల కోసం 2011 దాకా మళ్లీ కోర్టుల చుట్టూ తిరిగారు. 2021లో పోయిన ఒక పెద్దాయన్ని సొంత నేలలో పాతిపెట్టడానికి పర్మిషన్ రాక, శవం 2024 డిసెంబరు దాకా మార్చురీలోనే ఉంది. మూడేళ్లు!

మన దగ్గర టైగర్ రిజర్వుల నుంచి తరలింపు ఇష్టపూర్వకంగానే జరగాలని 2006 నుంచి చట్టంలో ఉంది, ప్యాకేజీ ఇప్పుడు కుటుంబానికి 15 లక్షలు. అందుకే ఇలాంటి వార్త ఏది కనిపించినా, వెళ్లనన్నవాడి బోరు, రోడ్డు, రేషన్ ఏమయ్యాయా అని నేను ముందు వెతుకుతాను.

ఒకసారి హెల్త్ క్యాంపు కోసం హైదరాబాద్ నుంచి వ్యాన్‌లో నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ వైపు ఒక చెంచు కాలనీకి వెళ్లాం. అడవి లోపలి పెంటల (చెంచు గూడేల) నుంచి వచ్చినవాళ్లే అందరూ. బీపీ చూపించుకున్న ఒక తాత మమ్మల్ని ఇంటికి పిలిచాడు. పక్కా ఇల్లే, లోపల కట్టెలు, రెండు మేకపిల్లలు. ఆయన పడుకునేది మాత్రం వాకిట్లో వేసుకున్న ఆకుల గుడిసెలో. గోడ మేకుకి నారతో పేనిన లావుపాటి తాడు చుట్టలుగా వేలాడుతోంది.

"తేనె తీస్తున్నావా తాతా?"

"లేదు సారూ, తాడు పట్టేటోడు లేడు."

చెంచుల్లో కొండ అంచు నుంచి తేనెకి దిగేవాడి తాడు బామ్మర్దే పట్టుకోవాలి, తోడబుట్టినదాని పసుపుకుంకుమలు చేతిలో ఉన్నవాడు తాడు వదలడని నమ్మకం. ఆయన బామ్మర్దికి ఇల్లు వేరే మండలంలో వచ్చింది.