బీసీజీ మచ్చ చూపిస్తే సరిపోదు

ఆగస్టులో మాస్టర్స్‌కి పిల్లలు అమెరికాలో దిగగానే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, యూనివర్సిటీలో టీబీ టెస్ట్ పాజిటివ్ అన్నారు. వెనక్కి పంపించేస్తారా?" పంపించరు. ఆ టెన్షన్ పక్కన పెట్టి, ముందు మీకు చేసింది ఏ టెస్టో చూసుకోండి.

ముంజేతి మీద సన్న సూదితో మందు ఎక్కించి, రెండు మూడు రోజులకు మళ్లీ రమ్మని, గట్టిపడిన చోటు కొలిచారంటే అది చర్మపరీక్ష. పుట్టగానే మనకు వేసిన బీసీజీ టీకా వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. అప్పుడు ఇగ్రా రక్తపరీక్ష చేయమని అడగండి. క్వాంటిఫెరాన్ అన్నా తెలుస్తుంది.

అదీ పాజిటివ్ వస్తే మనవాళ్లు మళ్లీ బీసీజీ మీదకే నెట్టేస్తారు. నేనూ అంతే. చొక్కా చేయి పైకి లాగి, మచ్చ చూపించి మరీ వాదించాను. డాక్టరమ్మ నవ్వి, ఈ పరీక్షలో వాడే ప్రొటీన్లు బీసీజీలో ఉండవని చెప్పింది. ఇక నోరు మూసుకుని ఎక్స్‌రేకి వెళ్లాను.

ఎక్స్‌రే బాగుండి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం లాంటివి లేకపోతే అది లేటెంట్ టీబీ. క్రిమి ఒంట్లో నిద్రపోతోందన్నమాట. రూమ్మేట్లకు అంటదు, కంచం వేరు పెట్టుకోనక్కర్లేదు. కానీ మందు వాడకపోతే వందలో 5 నుంచి 10 మందికి ఎప్పుడో ఒకప్పుడు అసలు జబ్బుగా లేస్తుంది. షుగర్ ఉంటే ఆ భయం ఇంకా ఎక్కువ.

ఇంటికి ఫోన్ చేస్తే "మన దగ్గర ఎంతమందికి లేదు, వదిలెయ్" అంటారు. మళ్లీ మళ్లీ అంటుకునే చోట ఆ లెక్క వేరు. ఇక్కడ మళ్లీ అంటుకునే అవకాశం తక్కువ కాబట్టి ఒకసారి వాడిన మందుకు ఫలితం ఎక్కువ.

నా రోజుల్లో ఐసోనియాజిడ్ 9 నెలలు మింగాను. ఇప్పుడు రిఫాంపిన్ అయితే రోజూ 4 నెలలు, రెండు మందులు కలిపి వారానికోసారి అయితే 12 వారాలు. రిఫాంపిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడకండి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి, వాటి పని తగ్గిపోతుంది. లివర్ మీద భారం పడుతుంది కాబట్టి వీకెండ్ బీరు కూడా ఆపండి. కళ్లు పచ్చబడినా, వాంతులవుతున్నా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి.

ఖర్చు గురించి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. చాలాచోట్ల ఈ మందులు ఉచితంగా ఇస్తారు.

రేపు గ్రీన్‌కార్డు మెడికల్‌లోనూ ఇగ్రా అడుగుతారు, 2018 నుంచి రెండేళ్లు నిండినవాళ్లందరికీ అదే. లేటెంట్ టీబీ ఉందని కార్డు ఆపరు. మందు పూర్తయినా టెస్ట్ పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. అందుకే కోర్సు పూర్తి చేసినట్టు ఇచ్చిన కాగితాన్ని ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం)తో పాటు అదే ఫైల్లో పెట్టుకోండి.